సుషేణుడు లేని సంజీవని

రామాయణ యుద్ధకాండ విన్న ప్రతి తెలుగు బాలునికి హనుమంతుడు కొండను పెకలించి తెచ్చిన ఘట్టము తెలియును. ఆ ఘట్టమునందే ఉన్న మఱియొక వ్యక్తి పేరు పెద్దలకు సైతము తఱచు జ్ఞప్తికి రాదు. అతడు సుషేణుడు, వానరసేనకు వైద్యుడు. శక్తిచే కొట్టబడి పడియున్న లక్ష్మణుని పరీక్షించి, ప్రాణము పోలేదని నిశ్చయించినవాడు అతడే. ఏ ఓషధి కావలయునో, అది ఎచ్చట లభించునో చెప్పినవాడును అతడే. హనుమంతుడు పోయి, ఓషధిని గుర్తింపజాలక, శిఖరమును శిఖరముగానే పెకలించి తెచ్చెను. అందుండి తగిన మూలికను ఏరి, నలిపి, లక్ష్మణుని నాసికకు అందించినవాడు మరల సుషేణుడే. కొండను తెచ్చుటకు బలమును భక్తియు చాలును. మందును గుర్తించుటకు అవి చాలవు.

కరోనా వ్యాధి దేశదేశములను చుట్టుముట్టిన 2020, 2021 సంవత్సరములలో వైద్యలోకమున కొండలను తెచ్చినవారికి కొఱత లేకపోయెను. క్రొత్త మందు పేరు వినబడినంతనే దానిని సంజీవని అనుట తెలుగునాట పరిపాటి. ఆనాడు ఆశ గొల్పిన చికిత్సలలో మూలకణ చికిత్స ఒకటి. వైరస్ వలన ఊపిరితిత్తులు చెడి, యంత్రముపై ఊపిరి పీల్చుచున్న రోగికి కోట్లకొలది జీవకణములను నెత్తురులోనికి ఎక్కించినచో అతడు కోలుకొనునని వార్తలు వచ్చెను. ఆ వార్త నిజమా? నిజమైనచో ఎంతవరకు నిజము? నిజానిజములు ఎట్లు తేలెను? ఈ మూడింటిలో మూడవ ప్రశ్నయే బడిపిల్లలకు మొదట నేర్పదగినది. నేటి బడులలో అంతగా నేర్పనిదియు అదే.

ముందుగా వ్యాధి స్వరూపమును తెలిసికొనవలయును. ఊపిరితిత్తులలో కోట్లకొలది వాయుగోణులు గలవు. వాని గోడలు మిక్కిలి పలుచనివి. గోడకు ఇవతల గాలి, అవతల నెత్తురు. ప్రాణవాయువు ఆ గోడను దాటి క్షణములో నెత్తురును చేరును. ఇన్‌ఫ్లుయెంజా గాని కరోనా గాని తీవ్రరూపము దాల్చినప్పుడు వైరస్ ఆ గోడలోని కణములను చంపును. నష్టము అంతటితో ముగియదు. శత్రువును తఱుమవచ్చిన దేహరక్షణబలము హద్దు మీఱి తన యింటికే నిప్పు పెట్టును. రక్తనాళములనుండి నీరును మాంసకృత్తులును కారి వాయుగోణులలో నిండును. రోగి గాలి పీల్చుచునే యుండును. ఆ గాలి నెత్తురునకు అందదు. 1967లో అమెరికాలోని డెన్వర్ నగర వైద్యులు పన్నెండుగురు రోగులలో ఈ స్థితిని చూచి ‘లాన్సెట్’ పత్రికలో వర్ణించిరి. నాటినుండి అర్ధశతాబ్ది దాటినను, శ్వాసయంత్రమును మెలకువతో నడుపుట, రోగిని బోరగిల పరుండబెట్టుట వంటి ఉపచారములే ముఖ్యసాధనములుగా నిలిచినవి. చెడిన గోడను మరల కట్టు మందు దొరకలేదు. కావుననే, కట్టగల కణములు దొరికెనన్న మాట వైద్యులకును రోగుల బంధువులకును అంత తీపిగా వినబడెను.

మూలకణము అనునది తెలుగులో చక్కగా కుదిరిన మాట. చెట్టునకు వేరువంటిది దేహమునకు ఈ కణము అను భావము వినగనే స్ఫురించును. తనవంటి కణములను పెంచుకొనుచు, అవసరమైనప్పుడు వేఱు రూపమును తాల్చగలది మూలకణము. 1961లో కెనడాలోని టొరాంటోలో టిల్, మెక్కలక్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన పరిశోధనలు నెత్తురును పుట్టించు మూలకణముల ఉనికికి ఋజువు చూపెను. ఎముకల మూలుగలోని ఆ కణముల మార్పిడి నేడు రక్తక్యాన్సరు, తలసీమియా మొదలగు వ్యాధులలో స్థిరపడిన చికిత్స.

ఊపిరితిత్తుల వ్యాధిలో వాడినవి ఆ కణములు కావు. అవి మూలుగలోనే ఉండు వేఱొక జాతి కణములు. సోవియట్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడెన్‌స్టయిన్ వానిని గూర్చి మొదట విపులముగా పరిశోధించెను. ఎముకగాను, మృదులాస్థిగాను, కొవ్వుగాను మాఱగల వాని శక్తిని గమనించి 1991లో అమెరికను శాస్త్రజ్ఞుడు ఆర్నాల్డ్ కాప్లాన్ వానికి ‘మెసెంకైమల్ స్టెమ్ సెల్స్’ అని నామకరణము చేసెను. ఇట్టి కణములను బొడ్డుతాడునుండియు, కొవ్వునుండియు కూడ తీయుచున్నారు.

భాషోపాధ్యాయులు గమనింపదగిన విశేష మొకటి ఇచ్చట నున్నది. పేరు పెట్టిన కాప్లానే 2017లో ఆ పేరును మార్చవలయునని వ్యాసము వ్రాసెను. దేహములోనికి ఎక్కించిన ఈ కణములు తామే క్రొత్త కణజాలమును కట్టుటలేదు. దెబ్బ తగిలినచోట రసాయనసంకేతములను వెలువరించి వాపును అణచుచున్నవి, మరమ్మతును ప్రోత్సహించుచున్నవి. ఆ సంకేతములను అందుకొని క్రొత్త కణజాలమును కట్టునవి రోగి దేహములో ముందునుండి ఉన్న మూలకణములే — ఇది ఆయన వాదము. ‘ఔషధసంకేత కణములు’ అని పిలువుడని ఆయన కోరెను. లోకము వినలేదు. మూలకణ మన్న పేరులో నున్న ఆకర్షణ సంకేతకణ మన్న పేరులో లేదు. పాడైన ఊపిరితిత్తి క్రొత్తగా మొలుచునని వినువాడు ఇచ్చు సొమ్మును, వాపు కొంత తగ్గవచ్చునని వినువాడు ఇయ్యడు. ఒక మాట తన అర్థమును దాటి ఆశను అమ్మగలదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

అట్లని ఆ ఆశ నిరాధారమనుట న్యాయము కాదు. 2013 మొదలు చైనాలో పక్షులనుండి మనుష్యులకు సోకిన హెచ్‌7ఎన్‌9 ఇన్‌ఫ్లుయెంజా తీవ్రముగా పట్టిన రోగులలో 17 మందికి వైద్యులు ఇట్టి కణములను ఎక్కించిరి. వారిలో ముగ్గురు మరణించిరి. కణములు ఎక్కించని 44 మందిలో 24 మంది మరణించిరి. 2020 మార్చిలో బీజింగులోని యోఆన్ ఆసుపత్రి వైద్యులు ఏడుగురు కరోనా రోగులకు కణములు ఎక్కించగా ఏడుగురును మెఱుగుపడిరని ప్రకటించిరి. ఏప్రిల్ నెలలో న్యూయార్కు నుండి మఱియొక వార్త వచ్చెను. శ్వాసయంత్రముపై నున్న పన్నెండుగురికి కణములు ఎక్కించగా తొమ్మండుగురు యంత్రమునుండి బయటపడిరి, పదిమంది జీవించిరి. అప్పటికి ఆ నగరమున శవములను ఉంచుటకు చోటు చాలక శీతలవాహనములను నిలిపియుంచిరి. అట్టి దినములలో ఆ అంకెలు ఎంతటి ఊరట నిచ్చియుండునో ఊహింపవచ్చును.

ఆ పదిమంది బ్రతికినమాట వాస్తవము. వారు కణముల వలన బ్రతికిరా, కణములు ఎక్కించిన తరువాత బ్రతికిరా? తెలుగు వ్యాకరణమును చదివినవారికి ఈ రెండు మాటల నడుమ నున్న దూరము తెలియును. ‘తరువాత’ అనునది కాలమును మాత్రము చెప్పును. ‘వలన’ అనునది కారణమును చెప్పును. కాకి వ్రాలిన తరువాత తాటిపండు పడినచో, కాకి వలన పడినదని పామరుడు తలచును. పెద్దలు దానిని కాకతాళీయ మనిరి. వార్తాపత్రిక ‘తరువాత’ అని వ్రాసినను, కష్టములో నున్న పాఠకుడు దానిని ‘వలన’ అనియే చదువుకొనును.

వలన, కంటె, పట్టి — ఇవి పంచమీ విభక్తి ప్రత్యయములని పిల్లలు వల్లె వేయుదురు. కారణమును చెప్పు ‘వలన’యు, పోలికను చెప్పు ‘కంటె’యు ఒకే విభక్తిలో చేరియుండుట వ్యాకరణమున యాదృచ్ఛికమే కావచ్చును, వైద్యశాస్త్రమున మాత్రము ఆ రెండును విడదీయరానివి. మందు వలన మేలు కలిగినదనుటకు ముందు, మందు లేనివానికంటె మందున్నవానికి మేలు కలిగినదని చూపవలయును. ‘కంటె’ లేని ‘వలన’ నమ్మదగినది కాదు.

న్యూయార్కు వార్తలో పోలిక లేకపోలేదు. ఆ నగరములోని ఆసుపత్రులలో శ్వాసయంత్రముపైకి చేరినవారిలో నూటికి 12 మంది మాత్రమే బ్రతికిరను లెక్కను దాని ప్రక్కన చూపిరి. ఆ లెక్క పుట్టిన విధమును గణితోపాధ్యాయులు నల్లబల్లపై వ్రాసి చూపదగును. ఒక ఆసుపత్రుల సమూహములో యంత్రముపైకి చేరినవారు 1,151 మంది. లెక్క తీసిన దినమునకు వారిలో 282 మంది మరణించియుండిరి. 38 మంది ఇంటికి పోయియుండిరి. మిగిలిన 831 మంది ఇంకను ఆసుపత్రిలోనే ఉండిరి. ఈ 831 మందిని వదలివేసి, 320 మందిలో 38 మంది బ్రతికిరని చెప్పినచో నూటికి 12 వచ్చును. బ్రతుకుటకు అవకాశమున్న వారినందఱిని లెక్కనుండి తొలగించి, బ్రతికినవారు కొద్దిమందే అన్నట్లాయెను. అంకెలు అబద్ధము కావు. పోలిక సరియైనది కాదు.

సరియైన పోలిక తరువాత జరిగెను. అమెరికాలో అవే కణములతో పెద్ద పరీక్ష ఆరంభించిరి. యంత్రముపై నున్న రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు కణములను, రెండవ వర్గమునకు కణములు లేని ద్రవమును ఎక్కించిరి. ఎవరికి ఏది ఎక్కినదో రోగికి తెలియనీయలేదు. 300 మందిని చేర్చవలెనని సంకల్పము. 222 మంది చేరిన పిమ్మట, 2020 డిసెంబరులో, పరీక్షను కనిపెట్టుచున్న స్వతంత్ర నిపుణుల సంఘము క్రొత్తవారిని చేర్చుట ఆపుడని సలహా యిచ్చెను. ఆశించిన ఫలితము వచ్చు సూచన లేదనెను. ముప్పది దినములలో, కణములు పొందిన 112 మందిలో 42 మందియు, పొందని 110 మందిలో 47 మందియు మరణించిరి. నూటికి 37.5, నూటికి 42.7. ఈ కొలది భేదము చీట్ల పాటులోనే రావచ్చును. ఇందు మఱియొక సంగతి కూడ కనబడుచున్నది. కణములు పొందని 110 మందిలో 63 మంది నెలదినములు దాటి జీవించియుండిరి. నూటికి 12 అన్న పాత లెక్క ప్రక్కన ఈ లెక్కను నిలిపి చూచినచో, ముందటి ఆశ ఏ పునాదిపై లేచెనో తెలియగలదు.

కరోనాకు ముందే ఒక హెచ్చరిక వచ్చియుండెను. 2019లో ప్రకటితమైన అమెరికను పరీక్షలో, నానాకారణములచే ఇట్టి ఊపిరితిత్తుల వైఫల్యమునకు లోనైన 60 మందిలో 40 మందికి కణములను, 20 మందికి ఉత్తి ద్రవమును ఇచ్చిరి. ఇరువదియెనిమిది దినములలో మొదటి వర్గమున 12 మంది, రెండవ వర్గమున ముగ్గురు మరణించిరి. కణములే చంపెననుట తప్పు. ఆ వర్గమునకు వచ్చినవారు మొదటినుండియు ఎక్కువ జబ్బుతో నున్నవారు. మేలు చేసెననుటకు మాత్రము ఆధారము లేదు. కరోనా కాలమున బెల్‌ఫాస్టు వైద్యుల నాయకత్వమున సుమారు 60 మందిపై జరిగిన పరీక్షలోను కణముల వలన నెత్తురునకు ప్రాణవాయువు ఎక్కువగా అందిన జాడ కనబడలేదు.

రెండవ పక్షమును దాచుట ధర్మము కాదు. అమెరికాలోని మయామీ విశ్వవిద్యాలయమున 24 మందిపైనను, ఇండొనీషియాలోని జకార్తాలో 40 మందిపైనను బొడ్డుతాడు కణములతో జరిగిన పరీక్షలలో కణములు పొందినవారు ఎక్కువగా బ్రతికిరి. ఇవియు చీట్లు వేసి పంచిన పరీక్షలే, కాని చిన్నవి. చిన్న పరీక్షలో నలుగురైదుగురి అదృష్టదురదృష్టములు ఫలితమును తలక్రిందులు చేయగలవు. చిన్నవానిలో మెఱసిన మేలు పెద్దదానిలో నిలువలేదు. కావున నేటి న్యాయమైన తీర్పు ఇది: ఈ చికిత్స చచ్చినది కాదు, ఋజువైనది కాదు. అది పరిశోధనశాలలో ఉండవలసిన ఆశ. అంగడిలో ఉండవలసిన సరకు కాదు.

ఏల నిలువలేదన్న ప్రశ్నకు కొన్ని సమాధానములు గలవు. సిరలోనికి ఎక్కించిన కణములలో ఎక్కువభాగము ఊపిరితిత్తుల సన్నని నాళములలో చిక్కుకొని, కొలది దినములలోనే అంతరించుచున్నవని జంతువులపై చేసిన పరిశోధనలు తెలుపుచున్నవి. రసాయనౌషధము ఎచ్చట చేసినను ఒక్కటే. జీవకణము అట్లు కాదు. దాత మాఱినచో, పెంచిన విధము మాఱినచో, దాని గుణము మాఱును. గడ్డకట్టించి దాచిన కణములను కరగించినప్పుడు అన్నియు ప్రాణముతో లేవవు. 2019 నాటి పరీక్షలో సజీవముగా మిగిలినవి ఒక మోతాదులో నూటికి 36 కాగా మఱియొక మోతాదులో 85. ఒకే పేరుతో రోగులకు అందినది ఒకే మందు కాలేదు. ఇక ఊపిరితిత్తి గోడను తిరిగి కట్టవలసినది ఆ గోడలోనే కాపురమున్న రెండవ తరగతి వాయుగోణికణములు. బయటినుండి వచ్చిన కణము వానికి సాయపడగలదేమో గాని, వాని స్థానమున కూర్చుండలేదు.

ఇదే కాలమున ఇంకొక మందు కథ నడచెను. బ్రిటనులో 2020 మార్చిలో ‘రికవరీ’ అను మహాపరీక్ష ఆరంభమయ్యెను. అందు డెక్సామెథసోన్ అను స్టెరాయిడును 2,104 మందికి ఇచ్చి, మామూలు చికిత్సలో నున్న 4,321 మందితో పోల్చిరి. రోజునకు 6 మిల్లీగ్రాములు, పది దినములు, మఱేమియు లేదు. ఊరి మందులకొట్టులో దొరకు పాత మందు. విలువ కొలది రూపాయలు. జూన్ 16వ తేదీన ఫలితము వెలువడెను. శ్వాసయంత్రముపై నున్నవారిలో మరణములు నూటికి 41.4 నుండి 29.3నకు దిగెను. ప్రాణవాయువు అవసరము లేని రోగులకు మాత్రము ఆ మందు మేలు చేయలేదు. ఏ మందు, ఎవరికి, ఏ దశలో అను మూడును ఒక్క పరీక్షలో తేలెను. హద్దు మీఱిన దేహరక్షణబలమును అణచుటయే మూలకణముల పని కదా. ఆ పనినే ఎవరును సంజీవని అనని ఒక చవుక మాత్ర చేసి చూపెను. కొండనంతయు వెదకి మూలికను ఏరినవాడు ఇచ్చట సుషేణుడు.

ఇందుకు ఆక్షేపణ ఒకటి గలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. కన్నకొడుకు యంత్రముపై కొట్టుకొనుచుండగా తల్లితో, పరీక్షలు ముగియువఱకు ఆగుమని చెప్పుట ఎట్లు? చీట్లు వేసి సగముమందికి ఉత్తి ద్రవము ఎక్కించుట క్రూరము కాదా? ఆ తల్లి బాధ ముందు ఏ గణితమును పెద్దది కాదు. కాని ఆమె కోరునది పరీక్ష జరుగకుండుట కాదు, కొడుకు బ్రతుకుట. ఏది బ్రతికించునో తెలియని దినమున, చీటిలో ఏ వర్గము వచ్చినవాడు అదృష్టవంతుడో ఎవరును చెప్పజాలరు. 2019 పరీక్షలో ఉత్తి ద్రవము పొందిన ఇరువదిమందికి అన్యాయము జరిగెనని ఎవరనగలరు? త్వరపడవలసిన సమయమున పోల్చిచూచుటకు తీరిక లేదనుటయు సరి కాదు. డెక్సామెథసోన్ ఫలితము మూడు నెలలలో వచ్చెను. పోలిక లేని వైద్యము త్వరగా నడచును, ఎచ్చటికిని చేరదు.

పోల్చిచూచి తెలిసికొన్నదానిని చెవిని పెట్టకున్న ఏమగునో భారతదేశము కన్నది. కోలుకొన్నవారి నెత్తురునుండి తీసిన ప్లాస్మాను రోగులకు ఎక్కించుట మేలా అని భారత వైద్య పరిశోధన మండలి 2020లో 39 ఆసుపత్రులలో 464 మందిపై పరీక్షించెను. ప్లాస్మా పొందిన 235 మందిలో 44 మందికిని, పొందని 229 మందిలో 41 మందికిని వ్యాధి ముదురుటయో మరణము సంభవించుటయో జరిగెను. భేదము లేదు. ఈ ఫలితము ఆ సంవత్సరము అక్టోబరునాటికే అచ్చయ్యెను. ప్లాస్మాను చికిత్సాక్రమమునుండి తొలగించినది 2021 మే నెలలో. ఈ నడుమ రెండవ తాకిడి వచ్చెను. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మొదలైన నగరములలో ఎందఱో కుమారులు, అల్లుండ్రు ఆసుపత్రి మెట్లపై కూర్చుండి, తెలియని దాతలకు ఫోనులు చేయుచు, దండములు పెట్టుచు ప్లాస్మా కొఱకు తిరిగిరి. తండ్రి ప్రక్కన ఉండవలసిన కడపటి గంటలు కొందఱికి ఆ తిరుగుటలోనే గడచిపోయెను. ఫలించని మందు వెల సొమ్ములో మాత్రమే లెక్కకు రాదు.

మూలకణములపై విశ్వాసమే తగదని పాఠకులు తలపరాదు. అవి మేలు చేసిన తావులు గలవు. అందొకటి తెలుగునాటనే యున్నది. కన్నుగ్రుడ్డు నలుపునకును తెలుపునకును నడుమ నున్న అంచులో శుక్లపటలమును ఎల్లప్పుడు క్రొత్తగా ఉంచు మూలకణములు గలవు. సున్నము గాని ఆమ్లము గాని కంటబడి ఆ అంచు కాలిపోయినచో చూపు మసకబారును. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 మొదలు, చెడని కంటినుండి ఆ కణములను కొలదిగా తీసి చెడిన కంటికి మార్చుచున్నారు. 2012లో అచ్చటి వైద్యులు దానిని ఇంకను సులభము గావించిరి. రెండు మిల్లీమీటర్ల కణజాలమును తీసి, ముక్కలుగా చేసి, కంటిపైననే పఱచి పెరుగనిచ్చు పద్ధతిని కనిపెట్టిరి. ఇచ్చట కణము చేయవలసిన పని, దానికి పుట్టుకతో వచ్చిన పనియే. చూపు వచ్చినదా లేదా అనుట ఎదుట కనబడు సంగతి. ఊపిరితిత్తుల పరీక్షలో ఓడిన న్యూయార్కు కణములనే 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము వేఱొక వ్యాధికి అంగీకరించినది. మూలుగ మార్పిడి పొందిన పసివారిలో, దాత కణములు రోగి దేహముపై తిరుగబడి స్టెరాయిడులకు లొంగని స్థితికి అది మందు. ఒక తాళమునకు పట్టని చెవి మఱియొక తాళమునకు పట్టెను. పట్టునో లేదో త్రిప్పి చూచినప్పుడే తెలియును.

భారతదేశమున ఈ విషయమై నియమములు లేకపోలేదు. 2017 నాటి జాతీయ మార్గదర్శకముల ప్రకారము నెత్తురు మూలకణముల మార్పిడి వంటి స్థిరపడిన చికిత్సలు తప్ప, తక్కిన మూలకణ ప్రయోగములు అనుమతి పొందిన పరీక్షలలోనే జరుగవలయును. 2019 నాటి ఔషధపరీక్షల నియమములు మూలకణములనుండి చేసిన మందును క్రొత్త మందుగా పరిగణించుచున్నవి. పరీక్షలో పాల్గొను రోగివద్ద దానికి సొమ్ము పుచ్చుకొనుట వైద్యనీతికి విరుద్ధము. కాని నియమము కాగితముపై నుండును; ప్రకటన చేతిలోని ఫోనులో మెఱయును. రోగి కోరినదియు పాలే, వైద్యుడు చెప్పినదియు పాలే అను సామెత చందమున, అమ్మువాని లాభమును కొనువాని ఆశయు కలిసినచోట, వలదని చెప్పువాడెవ్వడు? చట్టము ఆలస్యముగా వచ్చును. ముందుగా రావలసినది చదువు.

ఆ చదువు ఆపద వచ్చిన దినమున నేర్చుకొనునది కాదు. అది చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట యగును. నేర్పుటకు పెద్ద పరికరములు అక్కఱలేదు. నలుబదిమంది పిల్లలున్న తరగతిలో ఒక్కొక్కరిచేత పదిసారులు రూపాయిబిళ్లను ఎగురవేయింపుడు. ఒకరిద్దరికి ఎనిమిది బొమ్మలు పడుట సామాన్యము. ఆ పిల్లవాని రూపాయికి మహిమ యున్నదని ప్రకటించి, నమ్మిన వారెందఱో చూడుడు. మఱల పదిసారులు వేయింపుడు. మహిమ ఏమయ్యెనో పిల్లలే చెప్పుదురు. ఏడుగురు రోగుల వార్తకును, 222 మంది పరీక్షకును గల భేదము వారికి ఆ గంటలోనే అవగతమగును. తెలుగు గంటలో వార్తాపత్రికను తెరచి, ‘తరువాత’ అని యున్న తావులను, ‘వలన’ అని యున్న తావులను గీతలు గీయింపుడు. ‘వలన’ అని యున్న ప్రతిచోట ఒక్క ప్రశ్న వేయింపుడు: ఎవరికంటె? పొందనివారి మాటేమి? ఎందఱు? వారిని ఎవరు ఏరిరి? ఎవరిని లెక్కనుండి విడిచిరి?

ఈ ప్రశ్నలు వేయుట నేర్చిన పిల్లవాడు పెద్దవాడై, ఏదో ఒక రాత్రి ఆసుపత్రి వరండాలో నిలువవలసి రావచ్చును. లక్షల రూపాయల మాట చెప్పుచు ఎవడో అతని ముందుకు ఒక కొండను తెచ్చును. అందలి మూలిక ఏది, దానిని పరీక్షించిన దెవరని అతడు అడిగినచో, కొండను తెచ్చినవాడు సమాధానము చెప్పియు తీరవలయును, లేదా కొండను మోసికొని మరలియు పోవలయును. అట్టి ప్రశ్నను పిల్లవాని నోట నిలుపు పని ఉపాధ్యాయునిది.